డిజిటల్ రూపాయి వస్తే ఇంట్లో నోట్లు చెల్లవా? – సమాధానం

డిజిటల్ రూపాయి వస్తే ఇంట్లో దాచిన నోట్లు ఇక చెల్లవని పక్కింటాయన అన్నారని, అది నిజమేనా అని అడిగారు. కంగారు పడకండి. మీ నాన్నగారు బీరువాలో దాచిన లక్షన్నర డిజిటల్ రూపాయి వల్ల చిత్తుకాగితాలు అయిపోవు. పక్కింటాయన 2016 నోట్ల రద్దునీ దీన్నీ కలిపేసినట్టున్నారు. అది వేరు, ఇది వేరు.

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ఈ-రూపాయిని (అదే డిజిటల్ రూపాయి, నోటుకి ఫోన్‌లో ఉండే రూపం అనుకోండి) ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. నోట్లకి తోడుగానే తప్ప వాటి స్థానంలో కాదని అప్పట్నుంచీ చెబుతూనే ఉంది. లెక్క చూడండి: 2025 మార్చి నాటికి చలామణిలో ఉన్న ఈ-రూపాయి సుమారు 1,016 కోట్లు. నోట్లు 36 లక్షల కోట్లకు పైనే! ఏనుగు పక్కన ఎలుక.

నేను వాడి చూశాను. ఫోన్‌లో దాని వాలెట్ యాప్ తెరిస్తే 500, 200, 100 నోట్ల బొమ్మలు కనిపిస్తాయి, పర్సులో పేర్చినట్టు. కిరాణా కొట్లో మామూలు యూపీఐ క్యూఆర్ కోడ్‌నే స్కాన్ చేశా, పని జరిగింది. కొట్టాయనకి తేడా కూడా తెలీలేదు. నిజం చెప్పాలంటే, యూపీఐ ఉండగా ఇదెందుకని నాకూ అనిపించింది. పైగా వాలెట్‌లో ఉన్నదానికి వడ్డీ రాదు.

వేరే దేశంలోనూ ఇది నోట్లని తరిమేయలేదు. నైజీరియా 2021లో ఈ-నైరా అని తన డిజిటల్ డబ్బు తెచ్చింది. 2023 మొదట్లో నోట్ల కొరత వస్తే జనం బ్యాంకుల ముందు బారులు తీరారు గానీ ఈ-నైరాని నెత్తిన పెట్టుకోలేదు.

అయితే నాన్నగారు దాచిన ఆ డబ్బు బ్యాంకులో వేయించండి. వడ్డీ వస్తుంది, 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. "నోట్లని ఈ-రూపాయిలుగా మారుస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.