యుద్ధానికి వ్యతిరేకించిందా, యుద్ధాన్ని వ్యతిరేకించిందా?

సందేహం: వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా చట్టసభ పాత్ర గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. "కాంగ్రెస్ యుద్ధానికి వ్యతిరేకించింది. కాంగ్రెస్ ప్రభుత్వ పర్యవేక్షణ పెరిగింది. చివరకు నిధుల కోతతో యుద్ధం ముగిసింది" అని రాశాను. మొదటి వాక్యంలో విభక్తి తప్పని ఒక మిత్రుడు అన్నాడు. రెండో వాక్యం అసలు అర్థమే కాలేదన్నాడు. 'పర్యవేక్షణ'కు బదులు 'నిఘా' అనాలా, 'అజమాయిషీ' అనాలా? 'చట్టసభ ప్రతిపక్షం' అనవచ్చా? 'తీర్మానం', 'చట్టం' ఒకదాని బదులు ఒకటి వాడితే ఫరవాలేదా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది నిజమే. విభక్తి సంగతి ముందు తేల్చేద్దాం, అది సులువు. 'వ్యతిరేకించు' సకర్మక క్రియ. దేన్ని కాదంటున్నారో దానికి ద్వితీయా విభక్తి రావాలి: యుద్ధాన్ని వ్యతిరేకించారు, బిల్లును వ్యతిరేకించారు. 'వ్యతిరేకం' అనే నామవాచకం పక్కన మాత్రం 'కి' వస్తుంది: యుద్ధానికి వ్యతిరేకం, యుద్ధానికి వ్యతిరేకంగా. 'వ్యతిరేకత' అయితే యుద్ధంపై వ్యతిరేకత, యుద్ధం పట్ల వ్యతిరేకత. మీ వాక్యంలో ఒక ప్రయోగం తల, ఇంకో ప్రయోగం తోక అతుక్కున్నాయి. 'అడ్డు చెప్పు', 'అభ్యంతరం చెప్పు' లాంటివి 'కి'నే కోరతాయి కాబట్టి ఆ అలవాటు ఇక్కడికీ పాకి ఉంటుంది. టీవీల్లో రోజూ వినబడుతోంది గనక ఒప్పు అయిపోదు.

అయితే విభక్తి దిద్దినంత మాత్రాన మీ వాక్యం బాగుపడదు. "కాంగ్రెస్ యుద్ధాన్ని వ్యతిరేకించింది" అన్నారు సరే, ఎప్పుడు? 1964 ఆగస్టులో అధ్యక్షుడు జాన్సన్‌కు సైనిక చర్యకు అనుమతినిచ్చే టోంకిన్ సింధుశాఖ తీర్మానం ప్రతినిధుల సభలో 416–0తో నెగ్గింది. సెనేట్‌లో 88–2. కాదన్న ఆ ఇద్దరు వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. అప్పుడు కాంగ్రెస్ సమ్మతించింది. 1966లో సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ బహిరంగ విచారణలు పెట్టి ప్రశ్నించింది. 1971 జనవరిలో, టోంకిన్ తీర్మానంతో తాను ఇచ్చిన అనుమతిని తానే వెనక్కి తీసుకుంది. 1973లో డబ్బు ఆపింది. తొమ్మిదేళ్లలో ఇన్ని పనులు చేసిన సభకు మీరు ఒక్క క్రియతో సరిపెట్టారు. సమ్మతించింది, సందేహించింది, నిలదీసింది, ఉపసంహరించుకుంది, ఆపింది అని వరసగా రాసి చూడండి, వ్యాసంలో సగం కథ క్రియలే చెప్పేస్తాయి.

ఇక్కడే ఇంకో విభక్తి ఉంది, మీ మిత్రుడు పట్టుకోనిది. "కాంగ్రెస్ వ్యతిరేకించింది" వేరు, "కాంగ్రెస్‌లో వ్యతిరేకత వచ్చింది" వేరు. సభ మొత్తంగా ఓటేసి నిర్ణయిస్తేనే సభ కర్త అవుతుంది. కొందరు సభ్యులు గొంతెత్తితే సభ ఆ గొంతులకు చోటు మాత్రమే, అందుకే 'లో'. మెక్‌గవర్న్, హాట్‌ఫీల్డ్ అనే సెనేటర్లు 1971 చివరికల్లా సేనలను వెనక్కి రప్పించాలంటూ ఒక సవరణ తెచ్చారు. 1970 సెప్టెంబరులో అది 39–55తో వీగిపోయింది. దీన్ని చెప్పేటప్పుడు "కాంగ్రెస్ యుద్ధాన్ని వ్యతిరేకించింది" అని రాస్తే అది వ్యాకరణ దోషం కాదు, అబద్ధం. ఆ రోజు సెనేట్ కాదన్నది యుద్ధాన్ని కాదు, సవరణను.

'చట్టసభ ప్రతిపక్షం' అసలు కుదరదు. తెలుగులో ప్రతిపక్షమంటే అధికార పక్షానికి ఎదుట కూర్చునే పార్టీ. మీరు చెప్పదలచుకున్నది పార్టీ గురించి కాదు, సభ వైఖరి గురించి. పైగా ఈ చరిత్రలో ఆ మాట రెండింతలు తప్పు. 1966లో విచారణలు నడిపిన కమిటీ అధ్యక్షుడు ఫుల్‌బ్రైట్, అధ్యక్షుడు జాన్సన్ ఇద్దరూ డెమొక్రాట్లే. అంటే నిలదీసింది సొంత పక్షం వాడే. కంబోడియాకు సేనలను పంపకుండా నిధులు ఆపేందుకు తర్వాత వచ్చిన కూపర్–చర్చ్ సవరణలో కూపర్ రిపబ్లికన్, చర్చ్ డెమొక్రాట్. యుద్ధ నిధులు ఆపడానికి తెచ్చిన కేస్–చర్చ్ సవరణలోనూ కేస్ రిపబ్లికనే. రెండు పార్టీల వాళ్లూ జంటగా తెచ్చినదానికి ప్రతిపక్షమని పేరు పెడితే చదివేవాడు ఆ తర్వాత ఏ పేజీలోనూ కోలుకోలేడు.

ఇక మీ రెండో వాక్యం. "కాంగ్రెస్ ప్రభుత్వ పర్యవేక్షణ" అనగానే తెలుగు పాఠకుడికి తట్టేది కాంగ్రెస్ పార్టీ ప్రభుత్వం, అది చేసే పర్యవేక్షణ. మూడు నామవాచకాలను ఇలా పేర్చేస్తే ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియదు. సమాసం విడగొట్టండి: "ప్రభుత్వంపై కాంగ్రెస్ పర్యవేక్షణ". మొదటిసారి 'అమెరికా కాంగ్రెస్' అనడం తప్పనిసరి. 'శాసనసభ' అని కూడా రాయకండి, ఆ మాట మనకు రాష్ట్రాల అసెంబ్లీకి స్థిరపడిపోయింది. మీరు వాడిన 'చట్టసభ' మంచి మాట.

'పర్యవేక్షణ' తప్పు కాదు గాని, జాగ్రత్తగా వాడవలసిన మాట. పనిని దగ్గరుండి చూసుకునేవాడు పర్యవేక్షకుడు, ఆ పనికి తనకూ పూచీ ఉంటుంది. అందుకే "కాంగ్రెస్ పర్యవేక్షణలో యుద్ధం సాగింది" అని రాశారంటే కాంగ్రెసే దగ్గరుండి యుద్ధం చేయించిందన్న అర్థం వస్తుంది. 'లో' అంటే అదుపాజ్ఞలు, 'పై' అంటే కన్నేసి ఉంచడం. మీ వ్యాసానికి కావలసింది 'పై'. అన్నట్టు, దీన్ని చాలామంది 'పర్యావేక్షణ' అని దీర్ఘమిచ్చి రాస్తున్నారు. పరి + అవేక్షణ కాబట్టి పర్యవేక్షణే. పరి + ఆవరణం గనక పర్యావరణంలో దీర్ఘం ఉంది, ఆ దీర్ఘం దీనికి అంటుకుంది. 'ఉపేక్ష' కూడా ఈ ఈక్షణ కుటుంబంలోదే. చూడటానికీ చూసీ చూడనట్టు ఊరుకోవడానికీ ధాతువు ఒకటే, మారింది ఉపసర్గ. 1964లో ఉపేక్ష, 1966లో అవేక్షణ అని రాస్తే ఆ రెండేళ్ల తేడా చక్కగా పడుతుంది, మీ వ్యాసం ఆ భాషను మోయగలిగితే.

'నిఘా' వద్దు. నిఘా అంటే ఎదుటివాడికి తెలియకుండా పెట్టేది. సెనేట్ కమిటీ చేసినది దానికి సరిగ్గా తిరగబడ్డ పని: విదేశాంగ మంత్రి డీన్ రస్క్‌ను టీవీ కెమెరాల ముందు కూర్చోబెట్టి అడిగింది. దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ చెబుతున్న సాక్ష్యాన్ని ప్రత్యక్ష ప్రసారం చేయకుండా సీబీఎస్ టీవీ సంస్థ పాత హాస్య ధారావాహికను మళ్లీ వేసిందని ఆ సంస్థ వార్తా విభాగాధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేశాడు. అంత బాహాటంగా సాగిన వ్యవహారానికి నిఘా అని పేరేమిటి? ఈ మాట మీకు మరోచోట పనికొస్తుంది. ఇందాకటి ఫ్రాంక్ చర్చ్ 1975లో సీఐఏ, ఎఫ్‌బీఐ వంటి సంస్థల ఆగడాలపై దర్యాప్తు చేసిన కమిటీకి నాయకత్వం వహించాడు. అక్కడ నిఘా సంస్థలది, పర్యవేక్షణ సెనేట్‌ది. రెండింటికీ ఒకే మాట వాడితే దొంగా పోలీసూ కలిసిపోతారు.

'అజమాయిషీ' ఉర్దూ నుంచి వచ్చింది. పరీక్షించి చూడటం దాని అసలు అర్థం, ఇప్పుడు పెత్తనమన్న వాసన బలంగా ఉంది. పై అధికారి కింది ఉద్యోగి మీద చేసేది అజమాయిషీ. అధ్యక్షుడు కాంగ్రెస్‌కు కింది ఉద్యోగి కాదు. ఆ కారణానికే 'సంజాయిషీ కోరింది' కూడా అతకదు. 'లెక్క అడిగింది', 'జవాబు చెప్పించింది', 'నిలదీసింది' అనండి, హాయిగా ఉంటాయి.

నాకు ఎక్కువ అభ్యంతరమున్నది మీ మూడో వాక్యం మీద. 'కోత' అంటే తగ్గించడం. వేసవిలో నీటి కోత అంటే కుళాయి పూర్తిగా కట్టేశారని కాదు కదా. 1973 జులై 1న చట్టమైన నిబంధన యుద్ధ నిధులను తగ్గించలేదు. ఆగస్టు 15 తర్వాత కంబోడియా, లావోస్, వియత్నాంలలో అమెరికా సైనిక చర్యలకు నిధులు వాడనే కూడదంది. అది నిలిపివేత. 'నిధులు ఆపేసింది', 'నిధులు బంద్ చేసింది' ఏదైనా సరే, కోత మాత్రం కాదు. 'తో' ప్రత్యయం చేసిన పొరపాటు ఇంకా పెద్దది. "నిధుల కోతతో యుద్ధం ముగిసింది" అంటే ఆ కారణంగా ముగిసిందని. పారిస్ ఒప్పందం అంతకుముందే, 1973 జనవరి 27న కుదిరింది. మార్చి ఆఖరుకు అమెరికా సేనలు వియత్నాం వదిలాయి. అప్పటికీ ఆగనిది కంబోడియా మీద బాంబుదాడి. ఆగస్టు 15తో ఆగింది అదే. యుద్ధమా, అమెరికా వెళ్లిపోయాక కూడా 1975 ఏప్రిల్‌లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయేదాకా సాగింది. కాబట్టి ఇలా రాయండి: "1973 ఆగస్టు 15 తర్వాత కంబోడియా, లావోస్, వియత్నాంలలో సైనిక చర్యలకు నిధులు వాడరాదని అమెరికా కాంగ్రెస్ చట్టం చేయడంతో కంబోడియాపై బాంబుదాడులు ఆగాయి."

కూపర్–చర్చ్ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్త అవసరం. చట్టమైన రూపంలో అది కంబోడియాకు భూతల బలగాలను పంపడానికి నిధులివ్వలేదు, వైమానిక దాడుల జోలికి పోలేదు. "కంబోడియా యుద్ధాన్ని నిషేధించింది" అని రాస్తే ఆ తర్వాత రెండేళ్లకు పైగా పడిన బాంబులకు మీరే జవాబు చెప్పుకోవాలి.

'తీర్మానం' గురించి. తీర్పు, తీర్మానం రెండూ 'తీరు' నుంచి వచ్చినవే. కోర్టు తీర్చి చెబితే తీర్పు, సభ తేల్చి చెబితే తీర్మానం. వాడుకలో మాత్రం తీర్మానమంటే సభ అభిప్రాయమనీ, ఎవరూ కట్టుబడనక్కర్లేదనీ స్థిరపడింది. అమెరికాలో అన్ని తీర్మానాలూ అలాంటివి కావు. రెండు సభలూ ఆమోదించి అధ్యక్షుడి సంతకానికి పంపే ఉమ్మడి తీర్మానం చట్టంతో సమానం. టోంకిన్ తీర్మానం అలాంటిదే, 1973 నాటి యుద్ధాధికారాల తీర్మానమూ అలాంటిదే. అధ్యక్షుడు సేనలను కదనంలోకి దింపిన 48 గంటల్లో కాంగ్రెస్‌కు నివేదించాలని, అనుమతి రాకపోతే 60 రోజుల్లో, తప్పనిసరైతే మరో 30 రోజుల్లో వాటిని వెనక్కి రప్పించాలని చెప్పేది ఇదే. దీన్ని 'యుద్ధాధికారాల చట్టం' అని రాసినా నేను తప్పు పట్టను, పాఠకుడికి అదే మేలు. మరోవైపు, 2007 ఫిబ్రవరిలో ఇరాక్‌కు అదనపు సేనలు పంపడం తగదని ప్రతినిధుల సభ 246–182తో ఆమోదించినది మన అర్థంలో తీర్మానమే. అధ్యక్షుడి దగ్గరకు పోయేదీ కాదు, ఆయన్ను కట్టడి చేసేదీ కాదు. అక్కడ 'నిరాకరించింది', 'నిషేధించింది' వంటి క్రియలు బరువెక్కువ. 'తప్పుపట్టింది' సరిపోతుంది.

తప్పుపడుతూనే డబ్బు ఇచ్చిన సభలూ ఉన్నాయి. 1848 జనవరిలో మెక్సికో యుద్ధం నడుస్తుండగానే, అధ్యక్షుడు పోక్ దాన్ని అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడని ప్రతినిధుల సభ 85–81తో తేల్చింది. తమాషా ఏమంటే, ఆ మాటను చేర్చింది యుద్ధంలో గెలిచిన జనరల్ టేలర్‌కు కృతజ్ఞతలు చెప్పే తీర్మానానికి సవరణగా. అనుకూలంగా ఓటేసినవారిలో కొత్త సభ్యుడు అబ్రహం లింకన్ ఉన్నాడు. సైన్యానికి సరఫరాల బిల్లులకూ ఆయన ఓటేశాడు. ఆయన వైఖరికి 'వ్యతిరేకించాడు' చాలదు, 'సమర్థించాడు' అసలే చెల్లదు. 'ఆక్షేపించాడు' అంటే నప్పుతుంది.

మీరు అడగలేదు గాని, వ్యాసంలో వీటో తప్పక వస్తుంది కాబట్టి ఒక మాట. "కాంగ్రెస్ వీటోను కొట్టివేసింది" అని రాయకండి, కొట్టివేయడం కోర్టుల పని. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేసిన యుద్ధాధికారాల తీర్మానాన్ని 1973 నవంబర్ 7న ప్రతినిధుల సభ 284–135తో, సెనేట్ 75–18తో మళ్లీ ఆమోదించాయి. "వీటోను కాదని ఆమోదించాయి" అంటే చాలు. వీటో నెగ్గిన సందర్భం మరీ తికమక పెడుతుంది. యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమికి అమెరికా ఇస్తున్న సైనిక సాయం ఆపాలనే ఉమ్మడి తీర్మానం 2019లో సెనేట్‌లో 54–46తో, ప్రతినిధుల సభలో 247–175తో నెగ్గింది. ఏప్రిల్ 16న ట్రంప్ వీటో చేశారు. దాన్ని కాదనడానికి సెనేట్‌లో మళ్లీ ఓటింగ్ పెడితే 53–45 వచ్చింది. దీన్ని "తీర్మానం వీగిపోయింది" అని రాయకూడదు, అది రెండు సభల్లోనూ నెగ్గింది. "మెజారిటీ రాలేదు" అన్నా తప్పే, 53 మెజారిటీయే. రానిది వీటోను కాదనడానికి కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీ, ఓటేసిన 98 మందిలో అది 66 అవుతుంది. "వీటో నిలిచింది" అని రాయండి.