గేదెకు గురక వ్యాధి కాదు, పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగింది

ప్రశ్న: నాలుగు రోజుల కిందట మా ముర్రా గేదెకు కడుపు ఉబ్బితే తల పైకెత్తి పట్టుకుని, సీసాతో అర లీటరు వేరుశనగ నూనె పోశాం. ఉబ్బరం తగ్గింది. మర్నాటి నుంచి జ్వరం, దగ్గు, ముక్కు కారుతోంది. మేత ముట్టడం లేదు. మందుల షాపులో గురక వ్యాధి అని ఇంజెక్షన్ ఇచ్చారు. తగ్గలేదు. ఏం చేయాలి? – ఒక పాడి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఇది గురక వ్యాధి కాదనుకుంటున్నాను. అదైతే గొంతు కింద వేడిగా, నొప్పిగా వాపు వస్తుంది. చాలా పశువులు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. మీ ప్రశ్నలోనే కారణం ఉంది. తల పైకెత్తితే పశువు సరిగా మింగలేదు, పొలమారుతుంది. నూనె శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా వచ్చింది.

ఈరోజే పశువైద్యుడికి చూపించండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. నూనె పోసిన సంగతి దాచకుండా చెప్పండి. వైద్యుడి పర్యవేక్షణలో సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కిలో బరువుకు 2.2 మి.గ్రా. చొప్పున, అంటే 450 కిలోల గేదెకు సుమారు 1 గ్రాము, రోజుకొకసారి 5 నుంచి 7 రోజులు ఇవ్వాలి. జ్వరానికి మెలోక్సికామ్ కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున 3 రోజులు. జ్వరం దిగిందని మధ్యలో ఆపవద్దు. వైద్యుడు సరే అనేవరకు పాలు కేంద్రానికి పోయవద్దు. ఊపిరి కుళ్లు వాసన కొడితే ఊపిరితిత్తి కుళ్లుతున్నట్టే, అలాంటివి బతకడం కష్టం. అందుకే రేపటిదాకా ఆగవద్దంటున్నాను.

షాపులో వాళ్లు గేదెను చూశారా? జ్వరం కొలిచారా? పశువును చూడకుండా అమ్మిన ఇంజెక్షన్‌తో మీకు విలువైన రోజులు పోయాయి. దయచేసి ఇక అలా చేయకండి.

ఇకమీదట సీసా, గొట్టం పట్టుకునే ముందు ఆలోచించండి. తప్పనిసరైతే ముట్టె కంటి ఎత్తు దాటకూడదు. నాలుక పట్టుకుని లాగకూడదు. నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పోసి, మింగాకే మళ్లీ పోయాలి. దగ్గితే వెంటనే తల వదిలేయండి. మలబద్ధకానికి పోసే ఖనిజ నూనె లిక్విడ్ పారాఫిన్ మరీ ప్రమాదం. దానికి రుచీ ఘాటూ ఉండవు కాబట్టి శ్వాసనాళంలోకి జారినా పశువు దగ్గదు. అలాంటివి వైద్యుడు కడుపులోకి గొట్టం వేసి ఎక్కించాలి. పాలజ్వరంతో (ఈనాక ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే జబ్బు) పడిపోయిన గేదెకు గొంతు పట్టు ఉండదు, దాని నోట్లో నీళ్లు కూడా పోయవద్దు. పొడి మందులైతే బెల్లంతో ముద్ద చేసి తినిపించండి.