కోణం గుర్తు కాపీలో ఎందుకు మారిపోతుంది?

సందేహం: గణితం ప్రశ్నపత్రంలో ∠ఏబీసీ అని పెట్టాం. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ∠ పోయి, అడ్డగీత కొట్టిన ఇంగ్లిషు డీ వస్తోంది. దాని బదులు < పెట్టవచ్చా? ‘∠ఏబీసీ కోణం’ అని రాయడం తప్పా?

సమాధానం: మీరు పెట్టింది అసలైన ∠ కాదు, సింబల్ అనే పాత ఫాంటులోని బొమ్మ. ఫాంటులో ప్రతి గుర్తుకూ సంఖ్య వేసిన ఒక గడి ఉంటుంది. సింబల్‌లో 208వ గడిలో కోణం గుర్తు ఉంటుంది. మామూలు ఇంగ్లిషు ఫాంట్లలో ఆ గడి అడ్డగీత డీది. కాపీలో ఫాంటు పోయి గడి సంఖ్యే మిగులుతుంది కాబట్టి డీ బయటపడుతుంది. త్రిభుజం గుర్తు Δ వట్టి డీ కావడం, సర్వసమానం ≅ పోయి @ రావడం, లంబం ⊥ స్థానంలో ^ కనిపించడం, అన్నీ ఇదే జబ్బు. డిగ్రీ గుర్తు మాత్రం రెండింటిలోనూ 176వ గడిలోనే ఉంది గనుక బతికిపోతుంది. అందుకే 60° సరిగ్గా ఉండి, దాని ముందున్న కోణం చెడడం చూసి చాలామంది తికమక పడతారు.

అయితే ఆ డిగ్రీ నిజమైనదై ఉండాలి. సున్నాను పైకి జరిపి పెడితే కాపీలో 60 కాస్తా 600 అవుతుంది. విద్యార్థి 600 డిగ్రీల కోణాన్ని వెతుక్కోవాలి!

వర్డ్‌లో 2220 అని కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అసలైన ∠, అంటే యూనికోడ్ (ఫాంటు ఏదైనా ప్రతి గుర్తుకూ ఒకే సంకేతం ఉండే పద్ధతి) గుర్తు వస్తుంది. దానికి ముందు ఖాళీ వదలండి. ఆనుకుని వేరే అంకె ఉంటే అదీ సంకేతంలో కలిసిపోయి మరేదో అక్షరం పడుతుంది. 2221 కొడితే చాపం ఉన్న ∡ వస్తుంది, అది కోణం కొలతకు. 2222 కొడితే గోళీయ కోణం ∢. బడి గణితానికి మొదటిది చాలు. ఫోనులో అయితే గూగుల్ కీబోర్డు ‘జీబోర్డు’ వ్యక్తిగత నిఘంటువులో ∠ చేర్చి, దానికో షార్ట్‌కట్ పెట్టుకోండి. మీ తెలుగు ఫాంటులో ∠ లేకపోతే కంప్యూటర్ మరో ఫాంటు నుంచి తెస్తుంది, అందువల్ల కాస్త పొట్టిగానో లావుగానో కనిపించవచ్చు. అది దోషం కాదు.

ఇక < సంగతి. వద్దు. అది ‘కంటే తక్కువ’ గుర్తు. ఈ గొడవ పాతదే: ఇంగ్లండ్ గణితజ్ఞుడు థామస్ హారియట్ మరణానంతరం 1631లో అచ్చయిన గ్రంథంలో < తక్కువకు గుర్తు కాగా, 1634లో ఫ్రాన్స్ గణితజ్ఞుడు ఎరిగోన్ దాన్ని కోణానికీ వాడాడు. నేటి చిక్కు ఇంకా పెద్దది. వెబ్ పేజీ మూలంలో < వెనకాలే ఇంగ్లిషు అక్షరం వస్తే బ్రౌజర్ దాన్ని ట్యాగు (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఆదేశం) అనుకుని, తర్వాతి > దాకా ఉన్నదంతా మింగేస్తుంది. తెలుగు అక్షరం వస్తే మాత్రం మింగదు, కాబట్టి ఒకచోట కనబడి మరోచోట మాయమవుతుంది.

‘∠ఏబీసీ కోణం’ పునరుక్తే. చదివితే ‘కోణం ఏబీసీ కోణం’ అవుతుంది. ‘∠ఏబీసీ = 60° అయితే’ అనండి, లేదా గుర్తు మానేసి ‘ఏబీసీ కోణం 60 డిగ్రీలు’ అనండి. ‘∠ఏబీసీ లంబకోణం’ మాత్రం నిక్షేపంలా ఉంది, అక్కడ లంబకోణం చెబుతున్న విషయం. నేనైతే వాక్యాన్ని గుర్తుతో మొదలుపెట్టను, ‘పటంలో ∠ఏబీసీ’ అంటాను.