పట్టుదల లేకనే చదువు ఆగిపోతోందా?

"అమలాపురంలో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. వారం ఉత్సాహం, ఆ తర్వాత పుస్తకం తెరవను. నాకు పట్టుదల లేదా?" అని అడిగారు.

అది కారణమని నేననుకోను. మీకు లక్ష్యం ఉంది, దానికి వేళా చోటూ లేవు. "బాగా చదవాలి" అనుకోవడం కంటే "ఫలానా సమయం రాగానే ఫలానా పని" అని ముందే ముడివేసుకున్నవాళ్లే ఎక్కువగా పూర్తి చేస్తారని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ 94 అధ్యయనాలను కలిపి చూసినా అదే తేలింది.

మన దాళ్వా (రెండో పంట వరి) రైతునే చూడండి. కాలువ నీళ్లు వంతుల వారీగా ఇస్తున్నప్పుడు "వీలు చూసుకుని తడుపుదాం" అనుకోడు. వంతు రాత్రి రెండింటికైతే రెండింటికే పార పట్టుకుని బోదె గట్టు మీద ఉంటాడు. మూడ్ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. మీరూ "పొద్దున టీ గ్లాసు కింద పెట్టగానే పాలిటీ, పది పేజీలు" అని పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి.

21 రోజుల్లో అలవాటైపోవాలని టెన్షన్ పడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి తప్పినా పెద్ద తేడా రాలేదు. సంక్రాంతికి ప్రభల తీర్థం చూడటానికి వెళ్లి ఒకరోజు పోయిందా, మర్నాడు అదే వేళకు కూర్చోండి.