కొత్త కార్డు కొనకముందు ఆ కాపీ స్పీడు నంబర్ ఒకసారి చూడు చిన్నా

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. షూట్ నుంచి వచ్చి కెమెరా మెమరీ కార్డు పెట్టి, స్నానం చేసి, ఒక కునుకు తీసి లేచినా ఇంకా సగం ఫోటోలు కూడా కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, ఫాస్ట్ కార్డు కొనేస్తా పిన్నీ ఏది కొనమంటావ్ అని అడిగావు కదా, కాస్త ఆగు. కార్డు కొనడం అన్నిటికన్నా చివర్లో చేసే పని. నేనూ నీలాగే ఆవేశపడి ఒకటి కాదు రెండు కార్డులు కొన్నాక గానీ నాకు వెలగలేదు, తప్పు కార్డుది కాదు, పాత లాప్‌టాప్‌తో పాటు వచ్చి పదేళ్ల నుంచి నా డ్రాయర్‌లో పడున్న ఆ చిన్న నల్ల రీడర్‌ది, అదే కార్డు దూర్చి కంప్యూటర్‌కి తగిలించే దానిది అని.

ఫోటో కార్డులోంచి కంప్యూటర్‌లోకి రావాలంటే కార్డు, రీడర్, దాని కేబుల్, పోర్టు, చివర్న డిస్కు, ఇవన్నీ దాటుకుని రావాలి. వీటిల్లో ఏ ఒక్కటి నత్తలా ఉన్నా మిగతావి ఎంత గొప్పవైనా లాభం లేదు, మొత్తం దాని స్పీడే. అందుకని ముందు ఆ నత్త ఎవరో పట్టుకో.

ఎలా అంటే, కార్డులో ఉన్న ఒక పెద్ద వీడియో ఫైలు, నాలుగైదు జీబీలది, ఒకటే తీసుకుని డెస్క్‌టాప్ మీదకి కాపీ పెట్టు. ఫోటోలు వద్దు, ఒక్క పెద్ద ఫైలే. విండోస్‌లో కాపీ అవుతున్నప్పుడు వచ్చే బాక్సులో మోర్ డీటెయిల్స్ నొక్కితే పచ్చ గ్రాఫ్, పక్కన సెకనుకి ఎన్ని ఎంబీలో నంబర్ కనిపిస్తుంది. మొదటి కొన్ని సెకన్లు అదేదో గొప్పగా చూపిస్తుంది, దాన్ని నమ్మకు, ఒక నిమిషం అయ్యాక ఎక్కడ కుదురుకుందో ఆ నంబర్ రాసుకో.

అది 35, 40 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే నీ దారిలో ఎక్కడో యూఎస్‌బీ 2.0, అంటే పాత నెమ్మది రకం యూఎస్‌బీ, ఉందన్నమాట. దాని పేపర్ మీద లెక్క సెకనుకి 480 మెగాబిట్స్, బైట్లలోకి మార్చాలంటే ఎనిమిదితో భాగించాలి కాబట్టి 60, అందులో మన చేతికి నిజంగా వచ్చేది ఆ 35, 40 మాత్రమే. 64 జీబీ కార్డు నిండుగా ఉంటే దాదాపు అరగంట. అదే కార్డు 90 దగ్గర వస్తే పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. నీ గంటల కొద్దీ బాధ చూస్తే నాకు అనుమానం ఇక్కడే.

రీడర్ దానికన్నా వేగమైన యూఎస్‌బీ 3 ది అయినా సరే, పెట్టిన పోర్టు 2.0 ది అయితే అంతే సంగతులు. పోర్టు లోపల నాలుక నీలం రంగులో ఉందా, పక్కన ఎస్‌ఎస్ అని గుర్తు ఉందా చూడు. నలుపు ఉన్నంత మాత్రాన పాతదే అనుకోకు, లాప్‌టాప్ కంపెనీలు రంగుల విషయంలో వాళ్ల ఇష్టం వాళ్లది, మోడల్ నంబర్ కొట్టి చూసుకో. ఒక పోర్టుని నాలుగైదుగా చేసే హబ్‌లో పెట్టకు, అదే హబ్‌కి ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా తగిలించి ఉంటే ఉన్న స్పీడు ఇద్దరూ పంచుకుంటారు. ఇంకో విచిత్రం చెప్తా నవ్వకు, ఆ పాత పలక ఆకారం యూఎస్‌బీ పిన్నుని మెల్లగా, భయం భయంగా తోస్తే ముందు 2.0 పిన్నులు తగిలి కంప్యూటర్ దాన్ని 2.0 గానే గుర్తుపట్టేసే ఛాన్స్ ఉంది. తీసి ఒక్కసారి ఠక్కున పెట్టు. నాకు ఒక రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నాక దొరికిన పరిష్కారం ఇదే. టైప్ సీ కేబుల్ అయితే ఫోన్ చార్జర్‌తో వచ్చింది వాడకు, చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి కానీ వాటిల్లో చాలావరకు డేటాకి 2.0 స్పీడే.

కుదురుకున్న నంబర్ 80, 95 మధ్యలో ఉంటే అది యూహెచ్‌ఎస్ వన్ హద్దు, అంటే ఎస్‌డీ కార్డులు డేటా పంపే ఒక పద్ధతిది. ఆ పద్ధతిలో గరిష్ఠంగా 104 ఎంబీలే. మరి నా కార్డు మీద 170 అని, 200 అని ఉందే అంటావు. ఉంటుంది, దాని మీద ఒకే ఒక్క రోమన్ గీత ఉంటే అది యూహెచ్‌ఎస్ వన్ కార్డే, ఆ 170 రావాలంటే ఆ స్పెషల్ మోడ్ తెలిసిన రీడర్, మామూలుగా ఆ కంపెనీదే, ఉండాలి. లేదంటే మళ్లీ 90 ఏ. రెండు గీతలుంటే యూహెచ్‌ఎస్ టూ, దానికన్నా వేగమైన పద్ధతి, కార్డు తిరగేసి చూడు, బంగారు రంగు పిన్నులు రెండు వరసలు ఉంటాయి. దాని హద్దు 312. కానీ రీడర్ కూడా యూహెచ్‌ఎస్ టూ దే అయ్యుండాలి, లేకపోతే ఆ రెండో వరసని ముట్టుకునేవాడే ఉండడు. వీ30 అనే గుర్తు చూసి మురిసిపోకు, అది కెమెరాలో వీడియో రాసేటప్పుడు సెకనుకి 30 ఎంబీకి తగ్గను అనే హామీ, కంప్యూటర్‌లోకి దింపడానికి దానికి సంబంధం లేదు.

నంబర్ మొదట బ్రహ్మాండంగా ఉండి కాసేపటికి దబ్బున పడిపోతే డిస్కు ఊపిరాడక కొట్టుకుంటోందని అర్థం. తిరిగే హార్డ్ డిస్క్ అయితే వందకి అటూ ఇటూ, సగం నిండాక ఇంకా తగ్గుతుంది. అలాంటి డిస్కు మీదకి రెండు కార్డులు ఒకేసారి పెట్టకు, టైం కలిసొస్తుంది అనుకుంటావు కానీ దాని ముల్లు అటొకసారి ఇటొకసారి పరిగెత్తి రెండూ ఆలస్యం చేస్తుంది. ముందు ఎస్‌ఎస్‌డీ, అదే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, మీదకి దింపేసి, తీరిగ్గా రాత్రి పూట పెద్ద డిస్కుకి పంపించుకో. వీడియో బాగానే పోయి ఫోటోలు మాత్రం ఈడుస్తుంటే యాంటీవైరస్ ఒక్కో ఫైలు తెరిచి చూస్తోందేమో చూడు, మొత్తం ఆపేయకుండా ఫోటోల ఫోల్డర్ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వు చాలు.

కెమెరాకే కేబుల్ పెట్టి లాగడం మానెయ్, కొత్త మోడల్స్ కొన్ని పర్లేదు గానీ మామూలుగా అది స్లో, పైగా మధ్యలో బ్యాటరీ అయిపోతే అదో తలనొప్పి.

ఫోటోలు దిద్దే ఆ లైట్‌రూమ్‌లో ఇంపోర్ట్ నొక్కి కూర్చుంటావు కదా నువ్వు, నాకు తెలుసు. అందులో వన్ టు వన్ ప్రివ్యూలు టిక్ పెట్టి ఉంటే అది ఫోటోలు దింపుకోవడంతో పాటు ప్రతి దానికీ పెద్ద బొమ్మ తయారు చేస్తూ కూర్చుంటుంది, మనమేమో కార్డుని తిట్టుకుంటాం. ముందు మామూలుగా ఫోల్డర్‌లోకి కాపీ చేసెయ్, తర్వాత లైట్‌రూమ్‌లో యాడ్ అని పెట్టి ప్రివ్యూలు చేసుకోనీ. ప్రతి ఫోటోకీ రా (కెమెరా పట్టిన అసలు డేటా ఫైలు) ప్లస్ జేపెగ్ రెండూ తీస్తున్నావా? జేపెగ్ ఎప్పుడన్నా వాడావా అసలు? వాడకపోతే ఆపెయ్, ఆ మేరకు బరువు తగ్గినట్టే. కెమెరాలో లాస్‌లెస్ కంప్రెస్డ్ రా ఉంటే అది పెట్టుకో, క్వాలిటీ పోదు, సైజు తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడితే ఊరుకోను. కట్ చేసి పేస్ట్ చెయ్యకు, ఎప్పుడూ కాపీనే. ఒకసారి నేను కట్ పేస్ట్ పెట్టి లేచి వెళ్తూ మోచెయ్యి తగిలించాను, రీడర్ ఊడొచ్చింది, చూస్తే కొన్ని ఫోటోలు కార్డులో లేవు, కంప్యూటర్‌లో సగం బొమ్మ, కింద సగం బూడిద రంగు. ఫోటోరెక్ అనే ఫ్రీ ప్రోగ్రాంతో చాలావరకు వెనక్కి తెచ్చుకున్నా కానీ పేర్లన్నీ పోయి, ఏది ఎప్పటిదో వెతుక్కోవడానికి రెండ్రోజులు పట్టింది. అందుకే టెరాకాపీ లాంటి కాపీ చేసే ప్రోగ్రాం వేసుకో, కాపీ అయ్యాక అన్నీ సరిగ్గా వచ్చాయా అని వెరిఫై కూడా చేస్తుంది, దానికి ఇంకొంత టైం పడుతుంది, పట్టనీ. ఇంకో చోట రెండో కాపీ ఉందని చూసుకున్నాకే కార్డు ఖాళీ చెయ్, అది కూడా కంప్యూటర్‌లో డిలీట్ కొట్టి కాదు, కెమెరాలో పెట్టి ఫార్మాట్.

సరే, ఇవాళ రాత్రికి ఆ వీడియో ఫైలు కాపీ పెట్టి, ఎక్కడ కుదురుకుందో ఆ నంబర్ నాకు పంపు. పోర్టుకీ కార్డు రెండు వైపులకీ ఫోటోలు తీసి పెట్టు. 40 లోపు ఉంటే ఒక మంచి రీడర్ పేరు చెప్తా, అదొక్కటే కొందువు.

పిన్ని