గాజు దిమ్మెకి నాభ్యంతరమే లేదు, మరి బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

కుంభాకార కటకానికీ తెరకీ మధ్య గాజు దిమ్మె పెట్టగానే బొమ్మ మసకబారింది, చదునైన గాజు కిరణాల్ని ఒకచోటికి చేర్చలేదు కదా, మరి ఫోకస్ ఎలా మారిందని అడిగారు. దిమ్మెలోంచి బయటపడ్డాక కిరణం దిశ మారదు, నిజమే. కానీ పక్కకి జరుగుతుంది, టెన్త్‌లో పార్శ్వ విస్థాపనం అని చదివింది ఇదే. ఒక బిందువు దగ్గర కలవబోతున్న కిరణాలు ఒక్కోటి తన వాలుని బట్టి కొంత బయటికి జరిగితే అవి కలిసే చోటు వెనక్కి, అంటే కటకానికి ఇంకా దూరంగా, పోతుంది. ఎంత వెనక్కంటే, మందం × (1 − 1/వక్రీభవన గుణకం). గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్యే ఈ గుణకం. మామూలు గాజుకి గుణకం 1.5 అనుకుంటే మందంలో మూడో వంతు. దిమ్మెని కటకం పక్కన పెట్టినా తెర పక్కన పెట్టినా అంతే జరుగుతుంది, పిల్లలు దీన్ని ఓ పట్టాన నమ్మరు.

నేను విజయనగరంలో టెన్త్, ఇంటర్ వాళ్లకి ఫిజిక్స్ చెప్తాను. మా ట్యూషన్ గది కిటికీలోంచి గంట స్తంభం కనిపిస్తుంది. గది చీకటి చేసి, 20 సెం.మీ. నాభ్యంతరం (దూరపు వస్తువుల బొమ్మ కటకం నుంచి ఇంత దూరంలో పడుతుంది), 5 సెం.మీ. వ్యాసం ఉన్న కటకం కిటికీ దగ్గర పెడితే ప్యాడ్ మీది తెల్ల కాగితం పైన స్తంభం తలకిందులుగా పడుతుంది, దాని గడియారం ఆవగింజంత. అద్దాల షాపులో కోయించిన 12 మి.మీ. గాజు ముక్క మధ్యలో దూర్చగానే ఆ గడియారం చెరిగిపోతుంది. కిరణాలు కలిసే చోటు 4 మి.మీ. వెనక్కి పోయింది, కాగితం అక్కడే ఉంది. కటకం దగ్గర 5 సెం.మీ. వెడల్పున్న కిరణాల కట్ట 20 సెం.మీ. వెళ్లేసరికి చుక్కగా సన్నబడుతుంది, కాబట్టి ఒక్కో చుక్కా 4 × 5/20, అంటే 1 మి.మీ. మచ్చ అయిపోయింది. ప్యాడ్‌ని 4 మి.మీ. వెనక్కి జరిపితే గడియారం మళ్లీ వచ్చేస్తుంది. జరపకుండా, 1 సెం.మీ. కన్నం చేసిన నల్ల అట్ట కటకానికి అడ్డం పెట్టినా మచ్చ 0.2 మి.మీ.కి తగ్గిపోతుంది, కాకపోతే వెలుతురు కూడా తగ్గుతుంది.

అదే ముక్కని కటకానికి అవతల, స్తంభం వైపు పెడితే ఏమీ కాదు. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా ఉంటాయి, అన్నీ ఒకేలా జరుగుతాయి. దూరంగా ఉన్నవాటిని తీసేటప్పుడు కెమెరా లెన్స్ ముందు ఫిల్టర్ బిగించినా ఫోకస్ చెడనిది అందుకే.

కొవ్వొత్తితో చేస్తే మాత్రం కథ వేరు, నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. కొవ్వొత్తి 30 సెం.మీ. దూరంలో ఉంటే బొమ్మ 60 దగ్గర పడుతుంది. గాజుని ఇప్పుడు కొవ్వొత్తి వైపు పెట్టండి, కొవ్వొత్తి 4 మి.మీ. దగ్గరకి వచ్చినట్టే, అంటే 29.6. బొమ్మ ఏకంగా 61.7కి పోతుంది! బొమ్మ రెండింతలు పెద్దది కాబట్టి జరగడం సుమారు నాలుగింతలైంది. మైక్రోస్కోప్‌లో ఈ వర్ధనం, అంటే బొమ్మ ఎన్నింతలు పెద్దదన్నది, చాలా ఎక్కువ, పైగా బాగా వాలుగా వచ్చే కిరణాలు ఇంకా ఎక్కువ జరిగి అన్నీ ఒకచోట కలవవు, అందుకే ఎక్కువ వర్ధనం ఉన్న ఆబ్జెక్టివ్‌ల (వస్తువు వైపు ఉండే కటకాల) మీద కవర్ స్లిప్ (వస్తువు పైన కప్పే పల్చటి గాజు) మందం 0.17 మి.మీ. అని ప్రత్యేకంగా రాసి ఉంటుంది.

మీ ల్యాబ్‌లో దిమ్మెని మళ్లీ కటకానికీ తెరకీ మధ్యే పెట్టి, బొమ్మ స్పష్టంగా రావడానికి తెర ఎంత జరపాల్సొచ్చిందో కొలవండి. మందాన్ని (మందం − జరిగిన దూరం)తో భాగిస్తే 1.5 దరిదాపుల్లో రావాలి. దిమ్మె ఎంత మందంగా ఉంటే లెక్క అంత బాగా కుదురుతుంది.