మాంక్‌కి నాలుగో లెవెల్లో ఏ ఫీట్?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మీ మాంక్ (ఒట్టి చేతులతో పోరాడే పాత్ర) నాలుగో లెవెల్‌కి వచ్చింది, ఏ ఫీట్ (అదనపు ప్రత్యేక సామర్థ్యం) తీసుకోవాలని అడిగారు. మీ సమస్య అర్థమైంది. డెక్స్టెరిటీ (చురుకుదనం) 16, విజ్డమ్ (వివేకం) 16, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 27. ముందుకెళ్లి కొట్టి వెనక్కి వచ్చేలోపే దెబ్బ తగిలి ప్రతి పోరులోనూ పడిపోతున్నారు. అందుకే హిట్ పాయింట్లు పెంచే టఫ్ అనే ఫీట్ తీసుకుందామనుకుంటున్నారు.

2014 నియమాలతో ఆడుతున్నారు కాబట్టి నేనైతే మొబైల్ అనే ఫీట్ తీసుకోమంటాను. టఫ్ ఇప్పుడిచ్చేది 8 పాయింట్లే, అంటే ఒక్క గట్టి దెబ్బ. మొబైల్ ఉంటే ఆ దెబ్బే తగలదు. మీరు ఎవరి మీద దాడి చేశారో వాళ్లు ఆ టర్న్‌లో మీపై ఆపర్చునిటీ అటాక్ (పక్కనుంచి దూరంగా జరిగేవాళ్లపై కొట్టే అదనపు దెబ్బ) చేయలేరు, మీ గురి తప్పినా సరే. పైగా వేగం 10 అడుగులు పెరుగుతుంది. ఇప్పుడు తప్పించుకోవడానికి స్టెప్ ఆఫ్ ద విండ్ అనే మాంక్ విద్య వాడితే ఒక కీ పాయింట్ (మాంక్ విద్యలకు ఖర్చయ్యే శక్తి), బోనస్ యాక్షన్ (టర్న్‌లో చేయగల ఒక అదనపు పని) రెండూ పోతున్నాయి కదా. మీకున్నవే నాలుగు కీ పాయింట్లు! వాటిని ఐదో లెవెల్లో వచ్చే, శత్రువును స్తంభింపజేసే స్టన్నింగ్ స్ట్రైక్ కోసం దాచుకోండి. ఒక జాగ్రత్త: మీరు దాడి చేయని శత్రువు పక్కనే ఉంటే వాడి దెబ్బ తప్పదు, దారి చూసుకుని కదలండి.

మీది ఓపెన్ హ్యాండ్ అనే మాంక్ శాఖ అయితే మాత్రం ఆగండి. ఫ్లరీ (కీ పాయింట్ ఖర్చుతో కొట్టే రెండు అదనపు పిడిగుద్దులు) తగిలినవాడి రియాక్షన్ (ఆపర్చునిటీ అటాక్‌కి వాడికి కావాల్సింది ఇదే) తీసేసే దారి మీకు ముందే ఉంది. అప్పుడు ఫీట్‌కు బదులు డెక్స్టెరిటీ 18 చేసుకోవడమే మేలు: గురి, దెబ్బ, ఆర్మర్ క్లాస్ (మిమ్మల్ని కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె) మూడూ ఒక్కోటి పెరుగుతాయి.

పిడికిలి దెబ్బకు d4 (నాలుగు ముఖాల పాచిక) ఇచ్చే టావెర్న్ బ్రాలర్ ఫీట్ జోలికి వెళ్లకండి, మాంక్ పిడికిలికి ఆ d4 ఎలాగూ ఉంది, ఐదో లెవెల్లో అది d6 అవుతుంది.